ఓటికుండలో రోజాచెట్టు

తిప్పక్కని కుమ్మరామె ఉన్నింది గుండ్లపాళెంలో. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు, ఆమెకున్నిందంతా ఇంట్లో కుండలు చేసే సారె ఒకటి, పెరట్లో వాటిని కాల్చే ఆవం ఒకటి, ఆమె నోరు. నోరు ఎందుకు చెప్తాండానంటే, ఆ నోటికి ఊరు ఊరంతా రోంత జంకేదంట. మొగుడు పోయినాక కులపోళ్ళు నలుగురొచ్చి, ఆడది సారె తిప్పగూడదు మేయ్, సారెకు మైల, దాన్ని మాకిచ్చేసి నువ్వు మట్టి తొక్కుకో అన్నారంట. ఈమె ఏమనింది? మీ ఇంట్లో సారె ముట్టుకుంటే అడగండయ్యా, ఇది నా ఇంట్లో సారె, నేను తిప్పితే కుండ వంకర పోతాదేమో చూసే పోండి అని చెప్పి, వాళ్ళ ముందరే కూచోని గిర్రున తిప్పి ఒక కడవ లేపిందంట. ఆ కడవ చూసి నలుగురూ వచ్చిన దారినే పోయిరి. అట్లాంటి మనిషనుకో. అట్లని మంకుదేం కాదు. వద్దంటే ఎందుకొద్దో చెప్పమనేది, చెప్పలేకపోతే తన పని తాను చేసుకునేది, అంతే.

ఆ ఊరికి కోట ఉన్నింది. కోటలో ఎర్రమనాయుడని పాళెగాడు. మంచోడంటే మరీ దేవుడని చెప్పను, పన్ను కట్టకపోతే ఎద్దుల్ని తోలుకుపోయేటోడే, కానీ మనిషి ఎదురుగా నిలబడి చెప్పుకుంటే ఇనేటోడు. ఆయన పెండ్లాము లక్కమ్మ దొరసాని. ఆ దొరసానికి కోట లోపల, ఆడోళ్ళుండే ఇంటి నడిమధ్య, ఒక రోజాతోట ఉన్నిందంట. ఉన్నిందంట అనే చెప్పాల, ఎందుకంటే ఊర్లో దాన్ని చూసినోళ్ళు ఒక్కరూ లేరు. చూసిందంతా పువ్వునే. శుక్రారం శుక్రారం కోట పెద్ద తలుపు పక్కనుండే దిడ్డివాకిట్లోంచి గంపెడు పూలు బయటికొచ్చేవి గంగమ్మ తల్లికి. ఎరుపంటే ఎంత ఎరుపు, కోడిపుంజు జుట్టు ఉంటాదే, అంత ఎరుపు. ఆ గంప వీధిలో పోతాంటే వాసనకు చంటిబిడ్డలు ఏడుపు మానేటోళ్ళంట. సాతాని అనంతయ్య ఆ పూలను మాలలు కట్టేటోడు. ముప్పై ఏండ్లు కట్టినాడు. ఇప్పుడు మనకు అంగట్లో అమ్మే రోజాల మాదిరి కాదు అవి, వీటికి రంగుంటే వాసనుండదు, మీరూ చూస్తానే ఉండారు కదా.

ఒక ఎండాకాలం ఏమైందంటే, నాలుగు దినాలు కోట తలుపులు తెరవలేదు. శుక్రారం గంప రాలేదు. దొరకు ఒంట్లో బాగలేదేమోలే అనుకున్నారు ఊరోళ్ళు. ఇంకో వారం గడిచినాక నలభై మంది గుర్రపోళ్ళను ఎంటేసుకోని బసప్పనాయుడు దిగినాడు. ఈ బసప్పనాయుడు ఎవరంటే ఎర్రమనాయునికి చిన్నాయన కొడుకు. పొలిమేర గట్టు కాడ తగాదా పడి పదేండ్లాయ, ఒకరి మొగం ఒకరు చూసుకోరు. ఆయనొచ్చి చావిట్లో నిలబడి ఒక తాటాకు కమ్మ చదివించినాడు. అందులో ఏముండాదంటే, తమ్ముడా, నాకూ నీ వదినకూ సంసారం మీద విరక్తి పుట్టింది, కాశీకి పోతాండాము, కోట నువ్వు చూసుకో అని ఉండాదంట. ఊరోళ్ళు ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. నిన్న మొన్నటిదాకా కొత్త వేటకుక్కల్ని తెప్పించుకున్న మనిషికి విరక్తి యాడినుంచి వచ్చిందప్పా అని. బసప్పకు అది అర్తమయింది. గంగమ్మ ముందర దీపం తెప్పించి, ఆ దీపం ఆర్పి ప్రమాణం చేసినాడంట. మా అన్న ఈ కోటలో ఉన్నన్నాళ్ళు నేను దీని గడప తొక్కి ఎరగను, ఈ పొద్దే మొట్టమొదట వచ్చినాను, ఇది అబద్దమైతే నా ఇంట దీపం ఇట్లనే ఆరిపోనీ అని. దీపమార్పి చెప్పినాక ఇంకెవరు మాట్లాడతారు? ఎవరిండ్లకు వాళ్ళు పోయిరి.

ఆ వారమే లోపలి పనోళ్ళను ఆడ మగ అందరినీ బండ్లెక్కించి కొండకవతల వాళ్ళ ఊళ్ళకు పంపించేసినాడు. తోటలో ఉన్న బాయి పాడుపడిందని పూడిపించినాడు, అదీ ఊరోళ్ళ చేత కాదు, తన మనుషుల చేతనే. తోట నీళ్ళు లేక ఎండిపోయి పాముల పుట్టయిందని చెప్పి కాల్చిపించినాడు. రెండు దినాలు పొగ. అంతటితో ఆగుంటే కత ఈడనే అయిపోవును, మనం కూడా ఇండ్లకు పోయి పడుకుందుము. ఆగలేదు. దండోరా ఏపించినాడు. దొరసాని తోట కోటకు అరిష్టం తెచ్చింది, ఆ రోజా మొక్క ఎవరింట్లో కనపడినా మొక్క కాలుస్తాము, పెంచినోళ్ళ కుడిచెయ్యి తీసేస్తాము అని. ఊర్లో ఎవరి దగ్గరుంది ఆ మొక్క? ఎవరి దగ్గరా లేదు. లేనిదానికి దండోరా ఏంది అని తిప్పక్క ఆవం కాడ కూచోని అనుకునిందంట. ఆ దండోరా ఇనకుంటే ఆమెకు రోజా సంగతే పట్టేది కాదేమో.

కుమ్మరోళ్ళు కోట అగడ్తలో మట్టి తవ్వుకునేది వాడుక. ఒక దినం పొద్దన్నే తిప్పక్క గంప పార తీసుకోని పోయింది. చూస్తే అగడ్త గట్టున తోట బూడిదంతా కుప్ప పోసుండారు. కాలిన కట్టెలు, మసి. ఆ కుప్ప కింది నుంచి ఒక పుల్ల తొంగి చూస్తాందంట. జానెడు పుల్ల. ఒక కొన నల్లగా కాలింది, ఇంకో కొన పచ్చగా ఉండాది. గోరుతో గీరి చూసింది, తడి. ఎండిపోయిందని చెప్పిరి కదా తోట, ఎండిన తోటలో పచ్చి పుల్ల యట్ల ఉంటాది? అని అనుకునింది. అటు ఇటు చూసి, తవ్విన తడి మట్టి పిడికెడు తీసుకోని ఆ పుల్లకు ముద్ద పెట్టి గంపలో మట్టి నడుమ దాచుకోని ఇంటికొచ్చింది. అమ్మడానికి పనికిరాని ఓటికుండ ఒకటుంటే, దాంట్లో మన్ను, రోంత పేడ ఏసి, పుల్లను గుచ్చింది. అది రోజానా, రేగు కంపనా, ఏ చెట్టుదో కూడా ఆమెకు తెలీదు, మీరు నమ్మండి. బతుకుతుందేమో చూద్దామని గుచ్చింది, అంతే.

బతికింది. నెలకు ఒక చిగురేసింది. ఎర్ర చిగురు, చేత్తో ముట్టుకుంటే ఎలుకపిల్ల చెవి మాదిరి మెత్తగా ఉన్నిందంట. తిప్పక్క పొద్దన్నే లేచినాక ముందు ఆ కుండ కాడికే పోయేది. మొగుడు పోయినాక ఇంట్లో ఒక పానమున్నదాంతో మాట్లాడింది అదే మొదలు. ఏమే, ఈ పొద్దు ఎన్ని ఆకులేసినావు, నిన్న నీళ్ళు చాల్లేదా అని. మీరు నవ్వుతారు గానీ ఒంటిగా ఉండేటోళ్ళను అడగండి, వాళ్ళు చెప్తారు. ముండ్లొచ్చినాక రోజానే అని తెలిసిపోయింది. ఏ రోజానో తెలీదు. దొరసానిదే అయ్యుంటాదని మనసు చెప్తాంది, రుజువు లేదు. ఒక ఏడు తిరిగినా పువ్వు పూయలేదు. రెండో ఏడు మోకాలెత్తు పెరిగి పెరటి పొట్టిగోడ మీదికి కనపడింది. కనపడినాక దాగుతాదా, ఆ మాట ఎవరో కోటకు మోసినారు.

ఓబులేసని కోట కావలోడు, పాతదొర కాలంనుంచి ఉన్న మనిషి, ఈటె పట్టుకోని వచ్చినాడు. అక్కా, అది కాల్చేయమని దొర చెప్పినాడు అన్నాడు. ఎందుకు నాయనా అనింది. దొరసాని రోజా కదక్కా అన్నాడు. నువ్వు చూసినావా దొరసాని రోజాచెట్టును? లేదక్కా, నేను బయట వాకిట కావలి కదా. మరి నీకెట్ల తెలిసింది? దొర చెప్పినాడక్కా. దొర చూసినాడా? ఓబులేసు తల గోక్కున్నాడంట. ఏమప్పా ఓబులేసూ, నాకు తెలీదు, నీకు తెలీదు, ఊర్లో ఎవరికీ తెలీదు. దీని పేరు చెప్పేటోన్ని ఒకన్ని తీసుకురా, ఇది ఫలానా అని నా ముందర నిలబడి చెప్పమను, నా చేత్తో నేనే కాల్చేస్తా. పేరు తెలీనిదాన్ని కాల్చను పో అనింది. ఓబులేసు పోయి చెప్పినాడు. బసప్పనాయుడు ఎగిరి పడి తానే చావిడికొచ్చి కూచున్నాడు. తిప్పక్క కుండను సంకనేసుకోని పోయి చావిడి నడిమధ్య దించింది. ఆ ధైర్యం చూడండి, దాచుకోలే, మోసుకోని పోయింది.

దొర అనంతయ్యను పిలిపించినాడు. నువ్వు ముప్పై ఏండ్లు మాలలు కట్టినావు కదా, ఇదేనా చెప్పు అన్నాడు. అనంతయ్య ముసిలోడు, వంగి ఆకు పట్టుకోని చూసినాడు, ముల్లు చూసినాడు. నాకు తెలిసింది పువ్వే దొరా, ఆకు నాకు తెలీదు, పువ్వు పూస్తే చెప్తా అన్నాడు. చావిట్లో ఊరి పెద్దలుండారు. ఒక పెద్దాయన లేచి, దొరా, అదే అయితే నీ దండోరా ప్రకారం చెయ్యి తీసెయ్యి, మేము అడ్డం రాము, కాకుంటే మాత్రం గంగమ్మ జాతరకు కుండలు చేసే చేతిని తీసినట్టవుతుంది, పూసేదాకా ఆగు అన్నాడు. బసప్పకు అందరి ముందరా కాదనేదానికి లేకపోయింది. పూయనీ, మొక్కా పోతుంది, చెయ్యీ పోతుంది అన్నాడు. తిప్పక్క ఏమనిందో తెలుసా? పూసేదాకా ఎవుడూ ముట్టుకోకుండా కావలి పెట్టు దొరా, నా కండ్లు కప్పి నీ మనుషులే కోసేస్తే ఆ మాట ఎవరికి చెప్పుకోను అనింది. జనం గుసగుసలు పోయిరి. ఆయన కోరితే కదా కావలి, ఈమే అడుగుతాంది! ఓబులేసును, ఇంకో ముగ్గుర్ని పెట్టినారు.

నలభై దినాలు. నలభై దినాలు ఆ కుండ చుట్టూ నలుగురు ఈటెలోళ్ళు. తిప్పక్క వాళ్ళకు అంబలి పోసేది, తన పని తాను చేసుకునేది. కానీ సారె తిప్పేటప్పుడు ఊరికే కుడిచేతిని చూసుకునేదంట. ఈ చెయ్యి లేకుంటే సారె యట్ల తిప్పేది అని. ఓబులేసు ఒక పొద్దు చూసి, అక్కా, ఇప్పుడైనా ఒక మాట చెప్పు, నేనే పీకేసి ఎండకు పోయిందని చెప్తా, నీ చెయ్యి దక్కుతుంది అన్నాడు. మనసున్నోడే పాపం. తిప్పక్క తడిచెయ్యి కోకకు తుడుచుకోని, ఓబులేసూ, నువ్వు మంచికే చెప్తాండావు, కానీ నాకు భయం లేదని అనుకోవద్దు, ఉండాది. అయినా ఆ దొరసాని నాకు ఒక దినం ఎదురుపడి, నువ్వు చేసిన కూజాలో నీళ్ళు సల్లగా ఉంటాయే తిప్పక్కా అని పేరు పెట్టి పిలిచింది. ఆమె చేతి చెట్టు ఇదే అయితే, దీన్ని పీకి నేను యాడ పెట్టుకునేది ఈ చెయ్యిని అనింది. ఓబులేసు ఈటె తీసుకోని మళ్ళా కుండ కాడ కావలి కూచున్నాడు.

మొగ్గేసింది. మొగ్గ లావయింది. ఒక తెల్లారి విచ్చుకునింది. ఊరంతా వచ్చి చేరింది తిప్పక్క వాకిట్లో, దొర గుర్రమెక్కి వచ్చినాడు. పువ్వు ఏ రంగంటారు? తెలుపు! తెలుపంటే మరీ సున్నం తెలుపు కాదు, పాల మీద మీగడ కడుతుందే, ఆ రంగు. వాసన కూడా ఏం లేదు. అనంతయ్య వంగి చూసి, మళ్ళా చూసి, ఇది కాదు దొరా, గంగమ్మ సాక్షిగా ఇది కాదు, ముప్పై ఏండ్లలో నా చేతికి ఒక్క తెల్ల పువ్వు రాలేదు, అవన్నీ ఎరుపే, ఇది వేరే అన్నాడు. జనమంతా ఊపిరి వదిలిరి. ఆడోళ్ళు తిప్పక్క చేతిని పట్టుకోని కండ్లకు అద్దుకున్నారంట. చెయ్యి దక్కిందని సంతోషపడాల కదా? తిప్పక్కకు మాత్రం ఏడుపొచ్చింది. రెండేండ్లు నీళ్ళు పోసి, పలకరించి, చెయ్యిని పణం పెట్టి కాచుకుంటే, ఇది ఎవరిదో ఏందో, దారినపోయే తెల్ల రోజా. దొరసానిది కాదు. ఆమెది ఏదీ మిగల్లేదు ఈ భూమ్మీద అని.

ఆ ఏడుపు కోపమయింది. కండ్లు తుడుచుకోని దొర గుర్రం ముందరికి పోయి నిలబడింది. చూసినావా దొరా, ఒక తెల్ల పువ్వుకు భయపడి నలుగురు ఈటెలోళ్ళను నలభై దినాలు నా పెరట్లో కూచోబెట్టినావు, వాళ్ళకు నేను అంబలి పోసి సాకినా, పగోడు వచ్చి కోట మీద పడుంటే ఏం చేసేటోనివి, మళ్ళా నా ఇంటికే వచ్చేటోనివా అనింది. ఎవడో వెనకనుంచి కిసుక్కుమన్నాడు. ఒకడు నవ్వితే ఇంకొకడు, ఇంకొకడు నవ్వితే ఊరంతా. పాళెగాన్ని చూసి జనం నవ్వితే వానికి ఏం మిగుల్తుంది చెప్పండి? బసప్ప మొగం కందిపోయింది. గుర్రం మీదనుంచే అరిచినాడంట, నవ్వకండ్రా ముండాకొడకల్లారా! తెల్లగా ఉంటే అది కాకుండా పోతాదా? మొదటి పొద్దు ఇది ఇట్లనే ఉంటాది, వాసన గూడా ఉండదు, రెండోనాటికి బుగ్గ రంగొస్తుంది, మూడోనాటికి నెత్తురు మాదిరి తిరిగి వాసన ఇల్లంతా కమ్ముకుంటాది, నాకు తెలీదా, మూడు పొద్దులూ కండ్లారా చూసినా! అన్నాడు.

అన్నాడు. అనేసినాక నోరు మూసుకున్నాడు. సంగతేమంటే, దొరసాని పూలను మూడోనాడు ఎర్రబడినాకనే కోయనిచ్చేది, ఆమె పద్ధతి అది. బయటికొచ్చేది ఎరుపొక్కటే. తెల్ల పువ్వును చూడాలంటే ఆ నడిమింటి తోటలో నిలబడాల. మూడు రంగులూ చూడాలంటే మూడు దినాలు ఉండాల. తిప్పక్క నిమ్మళంగా అడిగింది. దొరా, మీ అన్న ఉన్నన్నాళ్ళు నువ్వు ఆ గడప తొక్కలేదని దీపం ఆర్పినావు. వచ్చేటప్పటికి తోట ఎండిపోయింది అన్నావు. మరి ఈ పువ్వును మూడు పొద్దులు యాడ చూసినావు? పనోళ్ళు చెప్పిరి అన్నాడు ఆయన. చెప్పిరి అనలేదు దొరా నువ్వు, కండ్లారా చూసినా అంటివి, మేమంతా ఇంటిమి అనింది. బసప్ప కత్తి దూసి, నరకండ్రా దాన్ని, చెట్టునూ నరకండి అన్నాడు. ఓబులేసు ఈటె కింద పెట్టేసినాడు. తక్కిన ముగ్గురూ పెట్టేసిరి. ఆడోళ్ళంతా వచ్చి ఆ ఓటికుండ చుట్టూ బాసింపట్లు వేసుకోని కూచున్నారు. బసప్ప చుట్టూ చూసి, గుర్రం తిప్పి కోటలోకి పోయి తలుపులేపించుకున్నాడు.

రెండోనాడు పువ్వుకు బుగ్గ రంగొచ్చింది. ఆ ఊరోళ్ళు ఎవరూ చేన్లకు పోలేదు. మూడోనాడు పొద్దు నడినెత్తికి వచ్చేటప్పటికి, తిప్పక్క ఆవం కాడ ఉండాది, వాసన తగిలింది. చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తింది. కోడిపుంజు జుట్టు! అనంతయ్యను పట్టుకోనొచ్చిరి. ఆయన వంగలేదు ఈసారి, కండ్లు మూసుకోని దూరంగానే నిలబడి, ఇదేనమ్మా అన్నాడు. ఇదే, ముప్పై ఏండ్లు నా చేతులకు అంటుకున్న వాసన ఇదే అని నేల మీద కూలబడి ఏడ్చినాడు. తిప్పక్క ఏడవలే. మట్టి తవ్వే పార భుజానేసుకోని కోట దారి పట్టింది. ఆమె వెనక ఊరంతా. లోపలున్న పాత కావలోళ్ళే దిడ్డివాకిలి తెరిచిరి. పూడ్చిన బాయిని రెండు దినాలు తవ్విరి, ముందు పార ఏసింది తిప్పక్కే. అడుగున రెండు అస్తిపంజరాలు, ఒకదాని కాళ్ళకు మెట్టెలు. కొండకవతలనుంచి ముసిలి పనామెను ఒకామెను పిలిపిస్తే అప్పుడు చెప్పింది ఆ తల్లి. తగాదా మాని రాజీ అవుదామని చెప్పి బసప్ప దొడ్డిదారిన వచ్చి మూడు దినాలు అన్న ఇంట్లో అన్నం తిన్నాడని, తోటలో మంచమేసుకోని కూచునేవాడని, ఆఖరి రాత్రి ఇద్దరినీ చంపి బాయిలో ఏసి, నోరు తెరిస్తే మీ పిల్లోళ్ళను ఉంచనని పనోళ్ళను బెదిరించినాడని. ఆ పువ్వు కంటపడితే ఆ మూడు దినాలు గుర్తొచ్చేవేమో, అందుకే ఆ దండోరా. దొరకు, దొరసానికి ఊరోళ్ళే కొరివి పెట్టిరి. ఎర్రమనాయుని చెల్లెలి కొడుకును తెచ్చి కోటలో కూచోబెట్టిరి.

బసప్ప యాడికి పోయినాడంటారా? తలుపులు తెరిచేలోపల తన గుర్రపోళ్ళతో పాటు పెరటి దారిన గుర్రమెక్కి పోయినాడు. పులి తినిందని కొందరు చెప్తారు, వినేటోళ్ళకు అట్ల చెప్తే బాగుంటాదని. అది అబద్దం. నాలుగు కొండలవతల పెండ్లాం పుట్టినూర్లో ముసిలోడయ్యేదాకా బతికినాడు, మంచంలోనే పోయినాడు. పిల్లోళ్ళు, మనమండ్లు, పెద్ద సంసారం. ఆ వంశం వాళ్ళు ఇప్పటికీ ఉండారు, బాగనే ఉండారు. మా తాత ఈ కత చెప్తాండాడని తెలిసి, ఇట్లాంటియి ఊర్ల మీద చెప్పొద్దు పెద్దాయనా, మా పిల్లోళ్ళ పెండ్లిండ్లు చెడిపోతాయి అని, రెండు మూటల బియ్యం బండికేసి పంపించినారంట. మంచి సన్నబియ్యం. మేమంతా తిన్నాము, నేను అప్పుడు చిన్నోన్ని, నాకు రుచి కూడా గుర్తుండాది. మూటలు అయిపోయినాక మా తాత అరుగు మీద కూచోని గొంతు సవరించుకోని, తిప్పక్కని కుమ్మరామె ఉన్నింది అని మొదలుపెట్టినాడు. మళ్ళా పంపిస్తే మళ్ళా తింటాము, మా తాతనేం అనుకోవద్దని వాళ్ళకు చెప్పండి.